ఓడిపోయే మంచివాళ్ళు లేకపోతే గ్యాంగే లేదు: రెజ్లింగ్‌లో విలన్ ముఠాలు ఎదిగే తీరు

విశాఖపట్నంలో రెజ్లింగ్ చూసేవాళ్ళ వారం మంగళవారం తెల్లవారుజామున మొదలవుతుంది. అమెరికాలో సోమవారం రాత్రి జరిగే డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ రా షో మనకి పొద్దున్న అయిదున్నరకో ఆరున్నరకో వస్తుంది, అక్కడివాళ్ళు గడియారాలు ముందుకీ వెనక్కీ జరుపుకునే కాలాన్ని బట్టి. ఒకప్పుడు టెన్ స్పోర్ట్స్‌లో చూసినవాళ్ళు, తర్వాత సోనీలో చూసినవాళ్ళు, 2025 ఏప్రిల్ నుంచి నెట్‌ఫ్లిక్స్ పెట్టుకుని ఫోన్‌లో చూస్తున్న కుర్రాళ్ళు, అందరూ గాజువాకలో ఏ టీ బడ్డీ దగ్గరో కలిస్తే చివరికి తేలే మాట ఒకటే: "ఏటిరా ఇది, మళ్ళీ అందరూ కలిసి ఒక్కణ్ణే కొట్టీసారు." విసుగుతో అనే ఈ మాటే కంపెనీకి కావాల్సింది. అలా విసుక్కున్నవాడు వచ్చే వారం కూడా తప్పకుండా చూస్తాడు, ఆ ఒక్కడు లేచి ఎప్పుడు తిరగబడతాడో తెలుసుకోకుండా వాడికి నిద్రపట్టదు కాబట్టి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఎప్పుడూ అనేదే, అంతా ముందే రాసుకున్నది కదా అని. అవును, రాసుకున్నదే. దెబ్బలు తగులుతాయి, ఎముకలు విరుగుతాయి, కానీ ఎవరు గెలవాలన్నది ముందే నిర్ణయం అయిపోతుంది. అలాంటప్పుడు ఒక విలన్ గ్యాంగు ఏళ్ళ తరబడి కంపెనీ మొత్తాన్ని ఏలిందంటే, ఆ గ్యాంగులో బలం ఎంతుందని లెక్కలు వేయడంలో అర్థం లేదు. వాళ్ళని అంతకాలం ఎందుకు గెలిపించారు, ఓడిపోయినవాళ్ళకి దానివల్ల ఏం మిగిలింది, జనం ఎక్కడ విసిగిపోయారు, ఇవీ చూడాల్సినవి.

ఉత్తరాంధ్రకి బలప్రదర్శన చూడడం కొత్తేం కాదు. బీచ్ రోడ్డులో విగ్రహం ఉన్న కోడి రామమూర్తి నాయుడు, వీరఘట్టంలో పుట్టినాయన, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకుంటే జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆ ప్రదర్శనకి శత్రువు అక్కర్లేదు, మనిషీ ఏనుగూ చాలు. రెజ్లింగ్ దగ్గరికి వచ్చేసరికి ఆ సౌకర్యం లేదు. వారం వారం రెండు మూడు గంటలు నిండాలి, ఏడాది పొడుగునా సాగాలి, కాబట్టి హీరో ఎంత గొప్పవాడైనా ఎదురుగా అతన్ని తిననివ్వని నిద్రపోనివ్వని మనిషి ఒకడు ఉండాలి. ఆ ఒక్కడు నలుగురైతే రచయితలకి ఇంకా హాయి, ఎందుకంటే అప్పుడు హీరో ఓడిపోయినా పరువు పోదు. "ఒక్కడి మీద నలుగురు పడితే ఎవడు మాత్రం ఏం చేస్తాడు" అని జనమే వకాల్తా పుచ్చుకుంటారు. వెనకనుంచి కుర్చీతో కొట్టడం, రెఫరీ అటు తిరిగినప్పుడు కాలు లాగడం, ఇవన్నీ హీరో ఓటమికి జనం ఒప్పుకునే సాకులు. గ్యాంగు పెట్టడానికి మొదటి కారణం ఇదే. మనం అనుకునే భయం, హోదా, నల్ల చొక్కాలు అన్నీ దాని తర్వాతే.

అయితే ఇది చీటీ పాటలాంటిది. మొదటి నెలలోనే పాడుకుని మొత్తం డబ్బు చేతిలో వేసుకున్నవాడు చివరి నెల దాకా వాయిదాలు కట్టాలి. గ్యాంగు కూడా అంతే, విజయాలన్నీ ముందే ఎత్తేస్తుంది, ఆ విజయాలు ఎవరి దగ్గర్నుంచి లాక్కుందో వాళ్ళలో కనీసం ఒకరికి ఏదో ఒక రోజు ఓటమి రూపంలో తిరిగి కట్టాలి. కట్టిన గ్యాంగుల్ని జనం నలభై ఏళ్ళ తర్వాత కూడా తలుచుకుంటున్నారు. ఎగ్గొట్టిన గ్యాంగు ఒకటి కంపెనీనే ముంచడంలో పెద్ద చెయ్యి వేసింది.

నలభై ఏళ్ళ కిందటిది ఫోర్ హార్స్‌మెన్. రిక్ ఫ్లెయిర్, ఆర్న్ ఆండర్సన్, ఓలీ ఆండర్సన్, టల్లీ బ్లాంచర్డ్, వాళ్ళ తరఫున మాట్లాడే మేనేజర్ జె.జె. డిలన్. అంతకుముందు గ్యాంగులు లేవని కాదు, 1982 క్రిస్మస్ రోజున డల్లాస్‌లో కెర్రీ వాన్ ఎరిక్ తల మీద కేజ్ (రింగు చుట్టూ కట్టే ఇనుప బోను) తలుపు విసిరికొట్టిన ఫ్రీబర్డ్స్ ఉన్నారు. కానీ గ్యాంగులో ఎవరి పని ఏమిటన్నది తేల్చి చూపించింది హార్స్‌మెన్. ఒకడు ఛాంపియన్, వాడి నడుముకి బెల్టు. ఒకడు కండ. ఒకడు నోరు. ఇంకొకడు, ఇది బయటికి ఎవరూ చెప్పరు, గ్యాంగు ఓడిపోవాల్సి వచ్చిన రాత్రి భుజాలు నేలకానించి మూడు లెక్కపెట్టించుకునేవాడు. నాయకుడికి మచ్చ పడకుండా ఊరూరా హీరోలకి గెలుపు పంచాలంటే ఇలాంటివాడు ఒకడు లేకుండా కుదరదు.

1985 సెప్టెంబర్‌లో అట్లాంటా ఓమ్నీలో జరిగింది చూస్తే పద్ధతి అర్థమవుతుంది. కేజ్ మ్యాచ్‌లో ఫ్లెయిర్ చిక్కుల్లో పడితే అతన్ని కాపాడడానికి వచ్చింది అతని పగవాడు డస్టీ రోడ్స్. కాపాడినందుకు ప్రతిఫలంగా ఫ్లెయిర్, ఆండర్సన్లు కేజ్ తలుపు లోపల్నుంచి మూసేసి డస్టీ చీలమండ విరగ్గొట్టారు. డస్టీ చూడడానికి పొట్టతో, మచ్చలతో, టెక్సాస్‌లో ప్లంబర్ ఇంట్లో పుట్టిన మామూలు మనిషి. ఫ్లెయిర్ రోలెక్స్ వాచీ, సూట్లు, విమానాలు. కోపం దెబ్బ వల్ల మాత్రమే రాలేదు, ఆ దెబ్బ ఎవరు ఎవర్ని కొట్టారన్నదాని వల్ల వచ్చింది. 1986 జూలై 26న డస్టీ అదే ఫ్లెయిర్‌ని కేజ్‌లోనే ఓడించి ప్రపంచ బెల్టు తీసుకున్నాడు. రెండు వారాలకే పోగొట్టుకున్నాడనుకోండి, కానీ వాయిదా అయితే కట్టారు. ఈ డస్టీ కొడుకు పేరు మళ్ళీ వస్తుంది.

ఇక ఎన్‌డబ్ల్యూఓ, అంటే న్యూ వరల్డ్ ఆర్డర్ అనే గ్యాంగు. దీని గురించి ఎంత రాసినా తక్కువే, ఎందుకంటే ఎదగడం ఎలాగో, పాడవడం ఎలాగో రెండూ ఇందులోనే ఉన్నాయి.

1996 మే 27న డబ్ల్యూసీడబ్ల్యూ కంపెనీ నైట్రో షోలో ఒక మ్యాచ్ మధ్యలో మామూలు బట్టల్లో ప్రేక్షకుల్లోంచి నడుచుకుంటూ స్కాట్ హాల్ వచ్చాడు. నిన్నమొన్నటిదాకా పోటీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) రేజర్ రేమన్‌గా ఉన్నవాడు. నేనెవరో మీకు తెలుసు, ఎందుకొచ్చానో తెలీదు అన్నాడు. రెండు వారాల్లో కెవిన్ నాష్ కూడా దిగాడు. వీళ్ళు పక్క కంపెనీ పంపిన దండయాత్ర మనుషులేమో అన్నంత నమ్మకంగా నడిపారు, ఎంత నమ్మకంగా అంటే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కోర్టుకెక్కింది. జూన్ 16న వ్యాఖ్యాతగా, బాస్‌గా కనిపించే ఎరిక్ బిషాఫ్‌ని నాష్ స్టేజి మీద నుంచి కింద టేబుల్ మీదకి విసిరేశాడు. మాకింకో మూడోవాడు ఉన్నాడు అని చెప్పి, వాడెవడో చెప్పకుండా వదిలేశారు.

జూలై 7, ఫ్లోరిడాలో డేటోనా బీచ్. హాల్, నాష్ ఒకవైపు, స్టింగ్, లెక్స్ లూగర్, రాండీ శావేజ్ ఇంకోవైపు. మూడోవాడు ఇంకా రాలేదు. లూగర్‌ని దెబ్బ తగిలిందని మోసుకుపోయారు. అందరూ నేల మీద పడి ఉండగా పసుపు ఎరుపు బట్టల్లో హల్క్ హోగన్ నడిచొచ్చాడు. 1984 నుంచి పిల్లలకి ప్రార్థన చెయ్యండి, విటమిన్లు తినండి అని చెప్పినవాడు, పన్నెండేళ్ళుగా మంచివాడు. జనం ఊగిపోయారు. వ్యాఖ్యాతల్లో బాబీ హీనన్ ఒక్కడే ఇతను ఎవరి పక్షం అని అడిగాడు, అది ఆయన పాత్ర ప్రకారం వచ్చిన అనుమానమే, ఏళ్ళ తరబడి హోగన్‌ని నమ్మనివాడిగానే మాట్లాడాడు కాబట్టి. హోగన్ చొక్కా చింపుకున్నాడు, హాల్ బయటికి దూకాడు, హోగన్ తాడు దాకా పోయి వచ్చి శావేజ్ గొంతు మీద లెగ్ డ్రాప్ (ఎగిరి కాలు పడేసే దెబ్బ) వేశాడు. ఒక క్షణం ప్రేక్షకుల్లో ఎవరికీ ఏం జరిగిందో ఎక్కలేదు. తర్వాత కప్పులు, సీసాలు, తిండి పొట్లాలు రింగు నిండా పడ్డాయి. ఒక ప్రేక్షకుడు తాళ్ళు దాటి లోపలికే దూకేస్తే వాణ్ణి హాల్, నాష్ అక్కడే తన్నారు. చెత్త మధ్య నిలబడి హోగన్ మైకు తీసుకుని, ఇదిగో ఈ చెత్తే ఈ ఫ్యాన్లు అన్న అర్థం వచ్చేలా మాట్లాడి, గ్యాంగు పేరు చెప్పాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. హోగన్‌తో జనం అప్పటికే విసిగి ఉన్నారు. డబ్ల్యూసీడబ్ల్యూకి వచ్చిన 1994 నుంచి అవే మాటలు, అదే లెగ్ డ్రాప్, హాళ్ళలో ఈలలకంటే గోలలు ఎక్కువ అవుతున్నాయి. ఆ విసుగుని దాచకుండా కథలోకే తెచ్చుకున్నారు: మీరు నన్ను వద్దన్నారు కాబట్టి నేను మిమ్మల్ని వద్దంటున్నాను. మంచి విలన్‌కి తన వైపునుంచి ఒక న్యాయం ఉంటుంది, హోగన్‌కి ఆ రాత్రి అది దొరికింది. హోగన్ ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గితే స్టింగ్‌ని మూడోవాడిగా పెట్టుకుందామనుకున్నారని బిషాఫే తర్వాత చెప్పాడు. స్టింగ్ అయ్యుంటే నాలుగు నెలల కథ అయ్యేది.

ఆ వేసవి నుంచి వరసగా 83 వారాలు నైట్రో రా షోని రేటింగుల్లో దాటేసింది. నల్ల చొక్కా మీద తెల్ల అక్షరాలు, ఎక్కడ చూసినా అదే. అదిగో, తెగులు మొదలైంది అక్కడే. విలన్ చొక్కా జనం కొనుక్కుని తొడుక్కున్నాక ఆ విలన్‌ని ఓడించడానికి కంపెనీకి చేతులు రావు. గ్యాంగులో చేరడం ప్రమోషన్ లాంటిదైపోయి, ముగ్గురితో మొదలైంది డజన్లలోకి పోయింది. బిషాఫ్ కూడా అందులోనే ఉన్నాడని ఆ నవంబర్‌లో తేలింది. 1998కి గ్యాంగు రెండుగా చీలి ఒకటి నలుపు తెలుపు, ఇంకోటి నలుపు ఎరుపు. ఎవరు ఎవరి మీద పగబట్టారో గుర్తుపెట్టుకోవడానికి రంగులు చూసుకోవాల్సిన పరిస్థితి.

కట్టాల్సిన వాయిదా 1997 డిసెంబర్ 28న స్టార్‌కేడ్ అనే పెద్ద షోలో ఉంది. స్టింగ్ ఏడాదికి పైగా మ్యాచ్ ఆడకుండా, ముఖానికి తెల్లరంగు పూసుకుని, నల్ల కోటుతో హాలు పైకప్పు దూలాల మీద నిలబడి చూస్తూ ఉండిపోయాడు. అంతకంటే మంచి బిల్డప్ రెజ్లింగ్‌లో బహుశా ఇంకొకటి రాలేదు. ఆ రాత్రి చెయ్యాల్సిన పని చాలా చిన్నది, స్టింగ్ హోగన్‌ని శుభ్రంగా ఓడించాలి. కథ ప్రకారం అమ్ముడుపోయిన రెఫరీ నిక్ పాట్రిక్ వేగంగా మూడు కొట్టాలి, ఆ అన్యాయాన్ని బ్రెట్ హార్ట్ వచ్చి ఆపాలి. కౌంటు మామూలు వేగంతోనే పడింది. అంటే చూసినవాళ్ళకి స్టింగ్ ఏ మోసం లేకుండానే ఓడిపోయాడు, ఆ తర్వాత ఎవరో వచ్చి మ్యాచ్ మళ్ళీ పెట్టించి బెల్టు ఇప్పించారు. దాన్ని కూడా వివాదం పేరు చెప్పి జనవరిలో లాగేసుకున్నారు. ఏడాదికి పైగా ఎదురుచూసిన జనానికి చేతిలో ఏమీ మిగల్లేదు.

దానికంటే దారుణం 1999 జనవరి 4. జార్జియా డోమ్‌లో నాష్ ఛాంపియన్, ఎదురుగా హోగన్. గంట మోగింది, హోగన్ ఒక వేలితో నాష్ ఛాతీని పొడిచాడు, ఏడడుగుల మనిషి వెల్లకిలా పడిపోయాడు, బెల్టు హోగన్‌ది, ఇద్దరూ కౌగిలించుకుని గ్యాంగు మళ్ళీ ఒకటైంది. అదే సమయంలో పక్క ఛానెల్లో రా షోలో మ్యాన్‌కైండ్ అనే రెజ్లర్ బెల్టు గెలవబోతున్నాడని నైట్రో వ్యాఖ్యాతే వెటకారంగా ముందే చెప్పేశాడు, వెంటనే లక్షల మంది ఛానెల్ మార్చారు. దెబ్బలు తినీ తినీ బతికిన ఒక బొద్దు మనిషి గెలుస్తుంటే చూడడానికి. డబ్ల్యూసీడబ్ల్యూ 2001 మార్చిలో అమ్ముడుపోయింది. ఆ పతనానికి డబ్బు, యాజమాన్యం, టీవీ ఛానెల్ నిర్ణయాలు ఇలా కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ ఒక వేలి మీదకి నెట్టడం అన్యాయమే, కానీ ప్రేక్షకుడి వైపునుంచి చూస్తే నమ్మకం పోయింది ఆ రాత్రే.

తప్పు రెండోవైపు కూడా జరుగుతుంది. 2010 జూన్ 7న నెక్సస్ అనే కొత్త కుర్రాళ్ళ గుంపు రా షోలోకి చొరబడి జాన్ సీనాని కొట్టి, రింగు మ్యాటు పీకి, తాళ్ళు ఊడదీసి, అడ్డొచ్చినవాళ్ళందర్నీ పడేసింది. ఆ వారం చూసినవాళ్ళకి ఇప్పటికీ గుర్తే. ఆగస్టు 15న సమ్మర్‌స్లామ్ షోలో సీనా జట్టుతో పెద్ద మ్యాచ్ పెట్టారు, సీనాని కాంక్రీటు నేల మీద తల గుద్దించారు, రెండు నిమిషాల తర్వాత సీనా లేచి చివరి ఇద్దర్నీ ఓడించేశాడు. గ్యాంగు పుట్టి పది వారాలు. ఇంకా పాట కూడా పాడుకోనివాడి దగ్గర వాయిదాలు వసూలు చేసినట్టయింది. నెక్సస్ నాయకుడు వేడ్ బారెట్ ఇవాళ వ్యాఖ్యాతల బల్ల దగ్గర కనిపిస్తాడు, మనిషి మాట బాగుంటుంది, కానీ ఆ ఆగస్టులో గెలిచి ఉంటే ఎక్కడుండేవాడో అని అనిపించకుండా ఉండదు.

గ్యాంగులో చిన్నవాళ్ళ పని ఏమిటో తెలుగువాళ్ళు దగ్గర్నుంచి చూసిన సందర్భం ఒకటుంది. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో పెట్టింది. మన స్వర్ణభారతి స్టేడియానికి అలాంటి అదృష్టం ఎప్పుడొస్తుందో గానీ, విశాఖ నుంచి వెళ్ళాలనుకున్నవాళ్ళకి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణమే. ఆ రాత్రి చివరి మ్యాచ్ జాన్ సీనా, సెత్ రోలిన్స్ ఒక జట్టు, ఎదురుగా ఇంపీరియం గ్యాంగులోని లుడ్విగ్ కైజర్, జియోవానీ విన్సీ. ఇంపీరియం నాయకుడు గుంథర్ ఆ రోజుల్లో ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్, ఏడాదికి పైగా బెల్టు వదలనివాడు. హాలు నిండా జనం సీనా గెలవాలని వచ్చారు, గెలిపించి పంపాలి, గుంథర్‌కి మచ్చ పడకూడదు. కైజర్, విన్సీ ఓడిపోయారు, లెక్క సరిపోయింది. ఇలా ఊరూరా ఓడిపోయే ఇద్దరు ఉన్నందువల్లే నాయకుడు టీవీలో కొండలా కనిపిస్తాడు. గచ్చిబౌలిలో కైజర్ గడ్డం పైకెత్తి జనం వైపు చూసిన చూపుకి పడిన గోలలో అతని జీతం ఉంది.

రోమన్ రైన్స్ గ్యాంగు బ్లడ్‌లైన్ దగ్గరికి వస్తే ఇక్కడి ప్రేక్షకులకి వివరణ పెద్దగా అక్కర్లేదు, ఎందుకంటే అది ఉమ్మడి కుటుంబం కథ. రోమన్ రైన్స్‌ని కంపెనీ ఏళ్ళ తరబడి హీరోగా రుద్దింది, జనం ఏళ్ళ తరబడి వద్దన్నారు. 2015లో రాయల్ రంబుల్ షోలో గెలిచినప్పుడు పక్కన రాక్ నిలబడి చెయ్యి పైకెత్తినా ఫిలడెల్ఫియా హాలంతా ఛీ కొట్టింది. 2020 ఆగస్టులో, కరోనా వల్ల హాళ్ళు ఖాళీగా ఉండి ప్రేక్షకులు గోడల మీద స్క్రీన్లలో కనిపిస్తున్న రోజుల్లో, అతను విలన్‌గా తిరిగొచ్చాడు. ఆగస్టు 30న ముగ్గురి మధ్య మ్యాచ్. మిగతా ఇద్దరూ ఒకర్నొకరు చావగొట్టుకునేదాకా రాలేదు. వాళ్ళు కూలిపోయాక నింపాదిగా వచ్చి, అప్పుడు కాంట్రాక్టు మీద సంతకం పెట్టి, రింగెక్కి బెల్టు తీసుకున్నాడు. పక్కన అతని తరఫున మాట్లాడే పాల్ హేమన్. హోగన్ విషయంలో లాగే ఇక్కడా జనం తిరస్కారమే ముడిసరుకు.

ఆ తర్వాత అతను మొదట కొట్టింది బయటివాణ్ణి కాదు, సొంత మనిషి జే ఊసోని. అక్టోబర్ 25న హెల్ ఇన్ ఎ సెల్ షోలో ఎంత కొట్టినా జే ఓడిపోయానని ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోతే మోకాలి గాయంతో ఉన్న కవల సోదరుడు జిమ్మీ గొంతు నొక్కుతానని రోమన్ పట్టుకుంటే ఏడుస్తూ ఒప్పుకున్నాడు. బయట ఇంటి పెద్దలు అఫా, సీకా నిలబడి రోమన్ మెడలో దండ వేశారు. తెర మీద వీళ్ళని కజిన్స్ అంటారు, మన లెక్కలో చూస్తే వరస ఇంకా ముదురుతుంది: జే తండ్రి రికిషి రోమన్‌కి మేనత్త కొడుకు, అంటే బావ, కాబట్టి జేకి రోమన్ మామ వరస అవుతాడు. పెత్తనం చేసే మామ, నోరెత్తలేని మేనల్లుళ్ళు, పెద్దల ఆశీర్వాదం, ఇంటి పరువు అనే మాట. విశాఖలో ఏ పెళ్ళిలోనైనా ఇలాంటి టేబుల్ ఒకటి ఉంటుంది, కాకపోతే అక్కడ ఎవరూ ఎవర్నీ టేబుల్ మీద పడెయ్యరు.

ఎన్‌డబ్ల్యూఓ గుంపు పెరిగితే గొప్ప అనుకుంది. బ్లడ్‌లైన్ చాలాకాలం చిన్నగానే ఉంది, రోమన్, ఊసోలిద్దరు, హేమన్. 2022 సెప్టెంబర్‌లో కార్డిఫ్‌లో ఊసోల తమ్ముడు సోలో సికోవా వచ్చేదాకా కొత్త రక్తం లేదు. మధ్యలో అతుక్కున్నవాడు శామీ జేన్, కెనడా మనిషి, ఏ బంధుత్వం లేనివాడు, నవ్వించే తోకలా వెంట తిరిగినవాడు. సెప్టెంబర్ 23న రోమన్ అందరి ముందూ శామీ ఒంటి మీద ఉన్న బ్లడ్‌లైన్ చొక్కా తీసెయ్యమన్నాడు. శామీ ముఖం పాలిపోయింది. తీసేశాక ఇంకో చొక్కా చేతికిచ్చాడు, దాని మీద ఆనరరీ ఊస్ అని ఉంది. జనం ఆనందంతో గంతులేశారు, ఒక దుర్మార్గుడు తన గ్యాంగులోకి ఒక మంచివాణ్ణి చేర్చుకున్నందుకు! రచన అంటే ఇది. జనానికి ఆ ఇంట్లోకి తలుపు దొరికింది, శామీ చూసినట్టు వాళ్ళు రోమన్‌ని చూడడం మొదలుపెట్టారు: భయం, మెప్పు కోసం ఆరాటం, ఏదో తేడాగా ఉందన్న అనుమానం.

2023 జనవరి 28 రాయల్ రంబుల్ రాత్రి, మనకి ఆదివారం పొద్దున్న, శామీ పాత స్నేహితుడు కెవిన్ ఓవెన్స్‌ని తాళ్ళకి సంకెళ్ళు వేసి కట్టేశారు. ఊసోలు వంతులవారీగా కొట్టారు. రోమన్ కుర్చీ ఎత్తితే శామీ అడ్డం నిలబడి, ఇది మీ స్థాయికి తగదు అన్నాడు. అయితే నువ్వే కొట్టు అని రోమన్ కుర్చీ చేతికిచ్చి, ముఖం మీదకి వచ్చి అరిచాడు. శామీ కుర్చీ పట్టుకుని ఓవెన్స్‌ని చూశాడు, కుర్చీని చూశాడు, రోమన్ అటు తిరగగానే అతని వీపు మీద కొట్టాడు. అలామో డోమ్‌లో లేచిన ఆ అరుపు ఒక దెబ్బకి వచ్చింది కాదు, నెలల తరబడి దాచుకున్నది. తర్వాత శామీని అందరూ కుమ్మేస్తుంటే జే మాత్రం చెయ్యెత్తలేక రింగు దిగి వెళ్ళిపోయాడు. గ్యాంగు విరగడం మొదలైంది ఆ నడకతో.

ఇక్కడినుంచి వాయిదాలు కట్టడం ఎలా ఉంటుందో చూడొచ్చు, తొందర లేకుండా, ఒక్కొక్కటిగా. ఏప్రిల్ 1న ఊసోలు ట్యాగ్ (జోడీ) బెల్టులు శామీ, ఓవెన్స్‌లకి పోగొట్టుకున్నారు. మే 27న జెద్దాలో జిమ్మీ రోమన్ ముఖం మీద తన్నాడు. జూలై 1న లండన్‌లో జే రోమన్‌ని పిన్ చేశాడు, 2019 డిసెంబర్ తర్వాత రోమన్ భుజాలు మూడు లెక్కకి నేలకానడం అదే మొదలు. ఈ మధ్యలో కంపెనీ ఏటా పెట్టే అతిపెద్ద షో రెజిల్‌మేనియాలో, 2023లో, సోలో సాయంతో రోమన్ కోడీ రోడ్స్‌ని ఓడించాడు, అప్పుడు బెల్టు మారి ఉండాల్సిందని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. వాదనలో బలం ఉంది, ఎందుకంటే తర్వాతి ఏడాది కథలో నీళ్ళు బాగానే కలిశాయి, ఛాంపియన్ నెలల తరబడి కనిపించేవాడు కాదు.

అయినా 2024 ఏప్రిల్ 7కి, మనకి 8వ తేదీ సోమవారం పొద్దున్న ఆఫీసుకి బయల్దేరే వేళకి, లెక్క తేలింది. ఆ ఏటి రెజిల్‌మేనియాలో రోమన్‌కి ఎదురు మళ్ళీ కోడీ. కోడీ అంటే డస్టీ రోడ్స్ కొడుకు, హార్స్‌మెన్ చీలమండ విరగ్గొట్టిన ఆ డస్టీ. మ్యాచ్ చివర్లో జిమ్మీ వచ్చాడు, జే వచ్చి అతన్ని ఆపాడు, సోలో వచ్చాడు, సీనా వచ్చాడు, రాక్ వచ్చాడు, అండర్‌టేకర్ వచ్చాడు. తిరునాళ్ళే. కానీ అందులో ఒక ముక్క మాత్రం పనితనం. 2014 జూన్ 2న షీల్డ్ గ్యాంగులో ఉన్నప్పుడు సెత్ రోలిన్స్ రోమన్ వీపు మీద కుర్చీతో కొట్టి ముఠాని చీల్చాడు. పదేళ్ళ తర్వాత ఈ మ్యాచ్‌లో ఆ షీల్డ్ బట్టలతోనే రోలిన్స్ వచ్చి పడిపోయి ఉన్నాడు, రోమన్ చేతిలో కుర్చీ ఉంది, ఎదురుగా కోడీ. కోడీని కొట్టుంటే గెలిచేవాడు. పాత పగ ఆగలేదు, తిరిగి రోలిన్స్‌ని కొట్టాడు. ఆ క్షణం చాలు, కోడీ లేచి తన ఆఖరి దెబ్బ క్రాస్ రోడ్స్ మూడుసార్లు వేసి పిన్ చేశాడు. 1,316 రోజుల పాలన అయిపోయింది, అతని స్వభావం వల్లే.

2025లో సీనా చేసినదాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. మార్చి 1న టొరంటోలో సీనా కోడీని కొట్టి విలన్‌గా మారాడు, ఇరవై ఏళ్ళకి పైగా మంచివాడుగా ఉన్న మనిషి, హోగన్ తర్వాత అంతటి మలుపు ఇదే అన్నారు. పక్కన రాక్ నిలబడ్డాడు కదా, ఇక గ్యాంగు కడతారు అనుకున్నాం అందరం. రాక్ తర్వాత అయిపులేడు. సీనా ఒక్కడే మిగిలి, వారం వారం జనాన్ని తిట్టి, ఏప్రిల్ 20న 17వ సారి ఛాంపియన్ అయ్యాడు, ఆగస్టుకల్లా మళ్ళీ మంచివాడైపోయాడు. హోగన్ మోసం చేసిన రాత్రి అతనికి చేరడానికి ఒక ముఠా, చెప్పుకోవడానికి ఒక పేరు, వెనక నిలబడ్డ ఇద్దరు ఉన్నారు. సీనాకి ఎవరూ లేరు, ఎందుకు మారాడో అడిగితే అతని దగ్గర ఉన్న జవాబు జనం మీద కోపం ఒక్కటే.

అదే ఏప్రిల్‌లో హేమన్ రోమన్‌నీ, సీఎం పంక్‌నీ వదిలేసి రోలిన్స్ పంచన చేరాడు, ఆ తర్వాత బ్రాన్ బ్రేకర్, బ్రాన్సన్ రీడ్ వచ్చి కలిశారు, విజన్ అని పేరు పెట్టుకున్నారు. కండకి కండ, నోటికి నోరు, కాగితం మీద అన్నీ ఉన్నాయి. అక్టోబర్‌లో బ్రేకర్, రీడ్ కలిసి సొంత నాయకుడు రోలిన్స్‌నే కొట్టి బయటికి గెంటేశారు. దృశ్యంగా బాగానే ఉంది, కానీ రంబుల్ రాత్రి లేచిన అరుపు లేవలేదు. కారణం వెతకడం కష్టం కాదు. బ్రేకర్ పరిగెత్తుకొచ్చి గుద్దితే మనిషి రెండుగా మడుస్తాడు, రీడ్ పైనుంచి దూకితే చూసేవాడికి పక్కటెముకలు నొప్పెడతాయి. కానీ వాళ్ళిద్దరిలో ఎవరు రోలిన్స్‌ని ఎప్పుడు నమ్మారు, ఎప్పుడు మనసు విరిగింది అన్నది జనానికి ఎవరూ చూపించలేదు. ఆ ఇంట్లో ఒక శామీని పెట్టడం మర్చిపోయారు.